ఆరు బొమ్మల రాయి

సమాధి ఉంది. దాని మీద ఉండాల్సిన రాయి లేదు.

ఇంద్రజ చెప్పులు గేటు దగ్గరే విడిచింది. నేల మీది ఆనవాళ్ళు తన అడుగుల కింద పడి చెరిగిపోకుండా పక్కనుంచి నడిచొచ్చి గొంతుక్కూర్చుంది. రేవు వైపున్న పాత సమాధుల తోట అది. చుట్టూ శిలువలు, పేర్లు, బైబిలు వాక్యాలు. మధ్యలో ఈ ఒక్క సమాధీ పన్ను ఊడిన చిగురులా వెలితిగా కనిపిస్తోంది.

"నిన్న పొద్దున్న కూడా ఉందండీ," అంది వెనక నిలబడ్డ రోజలిన్. "నేనే తుడిచి వెళ్ళాను. ఇవాళ వచ్చేసరికి ఇలాగ."

రోజలిన్ ఉక్కునగరంలో లెక్కల టీచరు. రెండు వారాల కిందట ఇంద్రజ ఆఫీసు మెట్లెక్కి వచ్చి, కుర్చీలో సరిగ్గా కూర్చోకుండానే, "మా అమ్మమ్మ వాళ్ళమ్మ ఎవరో కనిపెట్టి పెట్టాలండీ" అని అడిగింది. పోలీసు ఉద్యోగం వదిలి సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్న ఇన్నేళ్ళలో ఇంద్రజ దగ్గరికి పెళ్ళికొడుకుల గుణగణాలు కనుక్కోమని వచ్చినవాళ్ళున్నారు, పారిపోయిన భాగస్తుణ్ణి పట్టివ్వమని వచ్చినవాళ్ళున్నారు. ఎప్పుడో చనిపోయిన మనిషిని వెతకమని వచ్చింది మాత్రం ఈమె ఒక్కతే.

ఆ ముత్తవ్వ పేరు దేవకుమారి. యుద్ధం రోజుల్లో బర్మా నుంచి నడిచొచ్చిందట. రేవు పేటల్లో మంత్రసానిగా బతికిందట. పోయేముందు, తన సమాధి మీద పేరు వద్దనీ, తను గీసిచ్చిన ఆరు బొమ్మలు చెక్కిస్తే చాలనీ చెప్పి కన్నుమూసిందట. ఆ బొమ్మలేమిటో, ఎందుకో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇంద్రజ సలహా మీద రోజలిన్ ఆదివారంనాడు ఫేస్‌బుక్‌లో ఒక మాట పెట్టింది: మా ముత్తవ్వ రాయి మీద ఆరు బొమ్మలున్నాయి, వాటి సంగతి తెలిసినవారు చెప్పండి, అని. ఫోటో పెట్టొద్దని, బొమ్మల పేర్లు రాయొద్దని ఇంద్రజే గట్టిగా చెప్పింది. నిజంగా తెలిసినవాడైతే వాటి పేర్లు వాడి నోటివెంటే రావాలి.

సమాధానం ఎవరూ ఇవ్వలేదు. మూడోనాటికి రాయే మాయమైంది.

"నిన్న గేటు ఎప్పుడు వేశావు కొండలరావూ?"

కాపలాదారు కొండలరావు తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. "మజ్జాన్నమే ఏసీసేను మేడమ్. ఓన పట్టీసింది గదా. ఆ ఓన మొదలవకముందే తాళం ఏసీసి ఇంటికెలిపోనాను."

"తరవాత ఎవరూ రాలేదు?"

"ఎవులొత్తారమ్మా ఆ ఓనలో? నాను సూడనేదు."

ఇంద్రజ వేలితో నేల చూపించింది. తడిసిన మట్టిలో రెండు సన్నటి చక్రాల గాట్లు సమాధి దాకా వచ్చి ఆగాయి. వాటి మధ్యన ఇంకో రెండు, ఇంకా చిన్నవి.

"వానకి ముందు పడి ఉంటే ఇవి కొట్టుకుపోయేవి. వాన వెలిశాక, మట్టి మెత్తగా ఉన్నప్పుడు పడ్డాయి. ఇది వీల్‌చెయిర్. ఇక్కడ చూడు, ఎంత లోతుగా దిగిందో. వచ్చిన మనిషి చాలాసేపు కూర్చున్నాడు. బయట గేటు తాళం చెక్కుచెదరలేదు. తీసిందెవరు?"

కొండలరావు తలపాగా సర్దుకుంటూ గేటు వైపు చూశాడు.

ఇంద్రజ అతణ్ణి వదిలేసి సమాధి చుట్టూ తిరిగింది. రాయిని గునపంతో పెకలించలేదు. చుట్టూ సున్నం ఓపిగ్గా తొలిచారు. ఇనప పైపుల మీద దొర్లించినట్టు నేల మీద అడ్డంగా నున్నటి పల్లాలున్నాయి. అంచునున్న బిళ్ళగన్నేరు మొక్కని మట్టిగడ్డతో సహా తీసి పక్కన నాటారు. దాని మొదట్లో చిన్న పాదు చేసి ఉంది. సమాధి తలవైపు ఇటుక మీద నల్లటి మచ్చ. ఇంద్రజ వేలితో రాసి వాసన చూసింది.

"కర్పూరం," అంది.

"కర్పూరమా? మా సమాధుల మీద కొవ్వొత్తులు పెడతామండీ. కర్పూరం ఎవరు వెలిగిస్తారు?"

"అదే నేనూ అనుకుంటున్నాను. రాయి ఎత్తుకుపోయేవాడు మొక్కకి పాదు చెయ్యడు. దణ్ణం పెట్టుకోడు." ఇంద్రజ లేచి కొండలరావు ఎదురుగా నిలబడింది. "నువ్వు దొంగకి తలుపు తీశావని నేననడం లేదు. ఎవరికి తీశావో చెప్పు చాలు."

కొండలరావు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "పెద్దాయనమ్మా. బాగా పెద్దాయన. ఒక పక్క పడిపోయింది. ఇద్దరు కుర్రోళ్ళు కుర్చీ తోసుకొచ్చేరు. ఆయన కుర్చీలోంచే వొంగి రాయిని ముద్దెట్టుకున్నాడు. 'అమ్మా' అన్నాడు. నన్ను సూసి దణ్ణం పెడదారని సేతులెత్తబోతే ఒక్క సెయ్యే లేసింది. ఏటి సెయ్యమంటారు నన్ను? ఆపనేకపోనాను."

"అమ్మా అన్నాడా?" రోజలిన్ ఒక అడుగు ముందుకేసింది. "దేవకుమారమ్మకి ఒక్కతే కూతురు. మా అమ్మమ్మ రూతు. కొడుకుల్లేరు. మేడమ్, కొడుకుల్లేరు!"

"ఏ బండిలో వచ్చారు?"

"తెల్ల వేన్. దాని మీద బొమ్ముందమ్మా. ఒక మనిసి ఇంకో మనిసిని సెయ్యట్టుకుని నడిపిత్తన్నట్టు."

ఇంద్రజ ఇంకో ప్రశ్న వెయ్యబోతుండగా గేటు బయట కారు ఆగిన చప్పుడైంది. దిగిన మనిషిని చూసి ఆమె ముఖం బిగుసుకుంది.

గురునాథరావు ఒకప్పుడు ఆమెకి పై అధికారి. ఇన్‌స్పెక్టరుగా రిటైరై, డబ్బున్న మారాజుల తరఫున పరిశోధనలు చేసే పెద్ద ఏజెన్సీ నడుపుతున్నాడు. ఇస్త్రీ నలగని సఫారీ, చేతిలో గొడుగు. చెప్పులు విడవకుండా, చక్రాల గాట్ల మీదుగానే నడిచొచ్చాడు.

"రాయెక్కడమ్మా ఇంద్రజా?"

"నమస్తే సార్. నేనూ దాన్నే వెతుకుతున్నాను."

"నాతో దాగుడుమూతలొద్దు. ఎక్కడ పెట్టించావు?"

"నేను పెట్టించి ఉంటే పొద్దున్నే వచ్చి ఈ బురదలో ఎందుకు కూర్చుంటాను?"

అతను ఆమెని కిందినుంచి పైదాకా చూశాడు. అబద్ధం కాదని అర్థమైనట్టుంది. చూపు రోజలిన్ మీదికి మళ్ళింది.

"టీచరమ్మా, తాతముత్తాతల్ని తవ్వుకుంటూ పోతే ఎముకలు తప్ప ఏమీ దొరకవు. ఎవరో ముసలావిడ పిచ్చిగా చెక్కించుకున్న బొమ్మలు పట్టుకుని ఊరంతా టముకు వేస్తున్నారు. చేపలూ తేళ్ళూ చూపించి పరువుగల కుటుంబాలతో చుట్టరికం కలుపుకుందామనే?"

రోజలిన్ ముఖం ఎర్రబడింది. ఇంద్రజ మాత్రం నవ్వింది.

"చేప అంటే సరే సార్. రేవు పక్కన ఎవరైనా ఊహిస్తారు. తేలు సంగతి మీకెవరు చెప్పారు?"

గురునాథరావు గొడుగు మొన నేలకి ఆనించి ఆగాడు.

"మీరు ఆ రాయిని చూడలేదు. చూసి ఉంటే అప్పుడే తీయించేసేవారు, ఇవాళ నన్ను అడిగేవారు కాదు. తేలు ఆ రాయిని చూసినవాళ్ళకి తప్ప తెలియని బొమ్మ. రాయి మీద చూడలేదంటే ఇంకెక్కడో చూశారన్నమాట." ఇంద్రజ తన ముంజేయి మీద వేలు పెట్టుకుంది. "మనిషి ఒంటి మీద. పచ్చబొట్టు. అవునా?"

"నా దగ్గర నేర్చుకున్న విద్య నా మీదే ప్రయోగిస్తున్నావు."

"గురుదక్షిణ అనుకోండి."

అతను నవ్వలేదు. దగ్గరికొచ్చి, రోజలిన్‌కి వినబడకుండా అన్నాడు. "సోమవారం కోర్టులో ఒక విషయం తేలిపోతుంది. అప్పటిదాకా ఈ రాయీ ఈ కథా బయటికి రాకూడదు. పక్కకి తప్పుకో. నువ్వు బాగుండాలని చెబుతున్నాను. వినకపోతే, బాగోకుండా చెప్పే మనుషులు కూడా నా దగ్గరున్నారు."

"అందాకా మీరు ఇక్కడే ఉంటారా?"

"ఉంటాను. రాయి కోసం నీలాంటివాళ్ళు ఇంకెవరొస్తారో చూడాలిగా," అని గురునాథరావు వేపచెట్టు నీడలో రాతిబల్ల మీద కూర్చున్నాడు.

ఇంద్రజ రోజలిన్‌ని తీసుకుని బయటికొచ్చింది. కారు స్టార్టు చేసింది.

"సోమవారం కోర్టులో తేలబోయేది ఒక్కటే పెద్దింటి గొడవ," అంది స్టీరింగు తిప్పుతూ. "రోజూ పేపర్లో జిల్లా పేజీలో వస్తోంది. కాంట్రాక్టరు తిరుమలరావు. వాళ్ళ ఇలవేల్పు గుడికి వంశపారంపర్య ధర్మకర్త తనేనంటున్నాడు. దాయాదులు కాదంటున్నారు. ఆ పీఠం రక్తసంబంధం ఉన్నవాళ్ళకే దక్కుతుంది. తిరుమలరావు తండ్రి సన్యాసిరావుకి పక్షవాతం. నడవలేడు."

"ఆయన వంటి మీద తేలు ఉంటే..."

"ఆ రాయి బయటపడితే ఆయన ఎవరి బిడ్డ అన్న ప్రశ్న వస్తుంది. అందుకే కొడుక్కి రాయి కావాలి. కానీ కొడుకు చేతికి అందకముందే తండ్రి ఎత్తుకుపోయాడు. ఇంటికైతే తీసుకుపోడు. ఇంకెక్కడ పెడతాడు?"

రోజలిన్ ఒక్కసారి తలెత్తింది. "ఆ వేన్ మీది బొమ్మ నాకు తెలుసండీ! రుషికొండ వైపు ఫిజియోథెరపీ సెంటరుది. మా హెడ్‌మిస్ట్రెస్ గారి నాన్నని అక్కడికే తీసుకెళ్తారు."

సెంటరు వెనక వరండాలో గాలి ఉప్పగా కొడుతోంది. వీల్‌చెయిర్‌లో కూర్చున్న వృద్ధుడు వీళ్ళ అడుగుల చప్పుడుకి ఉలిక్కిపడి, పక్కనున్న మంచాన్ని కాపాడుతున్నట్టు కుడిచెయ్యి అడ్డం పెట్టాడు. మంచం మీద ఏదో బరువైన వస్తువు, దాని మీద తెల్లటి దుప్పటి.

"నా కొడుకు పంపేడా?" అన్నాడు.

"కాదండీ. నేను రూతమ్మ మనవరాల్ని," అంది రోజలిన్.

ఆయన చూపు ఆమె ముఖం మీద నిలిచిపోయింది. అలా చూస్తూనే, "రూతు నుదురే. అచ్చం అదే నుదురు," అన్నాడు. "నీ రాయి నానే తెచ్చేనమ్మా. ఆరు బొమ్మల మాట ఇనీసరికి నా కొడుకు ముందు నోరు జారీసేను. ఆడు పగలగొట్టించీమని పురమాయిత్తంటే ఇన్నాను. పగలగొడతారంటే ఎలా ఊరుకోను?"

ఇంద్రజ ఆయన ఎదుట మోకాళ్ళ మీద కూర్చుని, పడిపోయిన ఎడమచేతిని రెండు చేతుల్లోకి తీసుకుంది. చొక్కా చెయ్యి పైకి జరిపింది. ముడతలు పడ్డ చర్మం మీద పచ్చబొట్టు రంగు వెలిసి నీలంగా మారింది. కొండీ ఎత్తిన తేలు. గీసిన చేతికి బొమ్మలు గీయడం అలవాటు లేదని తెలుస్తూనే ఉంది.

"ఎవరు పొడిచారిది?"

"అమ్మ." సన్యాసిరావు దుప్పటి మీద చెయ్యి వేశాడు. "దేవకుమారమ్మ. నన్ను కన్నావిడ కాదు."

ఆయన చెప్పడం మొదలుపెట్టాక ఇంద్రజకి మధ్యలో ప్రశ్న వేసే అవసరం రాలేదు.

"రంగూన్‌ని మావోళ్ళు రంగం అనేవోరు. రంగం మీద బాంబులు పడ్డాయి. ఓడ దొరకనోళ్ళందరూ నడక అందుకున్నారు. ప్రోము దాకా ఒక నడక. అక్కడ ఇరావతి దాటి కొండలెక్కడం ఇంకో నడక. దారంతా కలరా. నన్ను కన్నావిడ ఆ కొండల్లో దారి పక్కన తొంగుంది. మరి లెగనేదు. నాను పక్కన కూకున్నాను. ఏలమంది జనం. నన్ను దాటుకుంటా ఎలిపోతన్నారు. ఆలదీ తప్పు కాదమ్మా, ఆలకీ పిల్లలున్నారు. ఒకావిడ ఆగింది."

ఆయన దుప్పటి అంచు సర్దాడు.

"ఆగి నన్నెత్తుకుంది. అప్పటికే ఆవిడ ఎనకాల నలుగురు పిల్లలున్నారు. ఒక్కరూ ఆవిడ బిడ్డ కాదు. అందరూ నాలాగే దారి పక్కన దొరికినోళ్ళే."

రోజలిన్ వరండా స్తంభానికి ఆనుకుంది. చిన్నప్పటినుంచి 'బర్మా నుంచి నడిచొచ్చింది' అన్న ఒక్క వాక్యమే విన్న మనిషి ఆమె. ఆ వాక్యం ఇప్పుడు కొండలూ నదులూ శవాలూ దాటుకుంటూ ఆమె కళ్ళముందు నడుస్తోంది.

"దారిలో ఎక్కడ చూసినా తొక్కిసలాటే. మాకు పేర్లు కూడా సరిగ్గా తెలీవు. పేరు తెలీని బిడ్డ తప్పిపోతే ఏమని పిలిసి ఎతుకుతాది? అందుకని ఒక రాత్రి తుమ్మముల్లు దీపం మసిలో ముంచి ఒక్కొక్కరికీ ఒక గుర్తు పొడిసింది. నన్ను తేలు కుడితే నాను ఏడవనేదంట, నాకు తేలు. ఒకడు ఏ సెట్టు కనిపించినా ఎక్కీసేవోడు, ఆడికి నిచ్చెన. పడవోడి కొడుక్కి సేప. ఒకడు పొద్దూ సాయంత్రం పడమటికి తిరిగి నమాజు సేసేవోడు, నాలాగే సిన్నపిల్లోడు, ఆడికి నెలవంక. మా అందర్లోకీ పెద్దపిల్ల తల్లి దువ్వెన జుట్టులో గుచ్చుకుని ఎవులికీ ఇచ్చేది కాదు, దానికి దువ్వెన."

"అయిదే చెప్పారు," అంది ఇంద్రజ. "ఆరోది?"

సన్యాసిరావు రోజలిన్ వైపు చూశాడు. చెప్పాలా వద్దా అని తూచుకుంటున్నట్టుంది ఆ చూపు.

"కొండ దిగే కాడ ఒక సంటిపిల్ల దొరికింది. పక్కన ఎవులూ నేరు. తల్లెవులో, ఏ ఊరో, ఏ బాసో. ఆ పిల్ల గురించి అమ్మకి ఏటీ తెలీదు. గీయడానికేటీ నేక ఒక్క సుక్క పొడిసింది."

రోజలిన్ చెయ్యి ఆమెకి తెలియకుండానే తన మణికట్టు దగ్గరికి వెళ్ళింది. "అమ్మమ్మకి ఇక్కడ ఒక చుక్క ఉండేది. పుట్టుమచ్చ అనుకునేవాళ్ళం. నేను దాని మీద వేలు పెట్టి ఆడుకునేదాన్ని." ఆమె వేలు మణికట్టు మీదే ఆగింది. "అయితే దేవకుమారమ్మకీ మాకూ రక్తం... ఏమీ లేదా?"

"ఏటీ నేదమ్మా. మాకెవులికీ నేదు. అయినా మమ్మల్ని ఇశాపట్నం దాకా తెచ్చింది. దారిలో కొడుకుని పోగొట్టుకున్న మొగుడూ పెళ్ళాం నన్ను ఇమ్మని కాళ్ళు పట్టుకున్నారు. ఇచ్చింది. సచ్చిపోయిన ఆ బిడ్డ పేరే సన్యాసి. ఆ పేరుతోనే నన్ను ఊరికి తీసుకెల్లేరు. ఊళ్ళో ఎవులికీ తేడా తెలీనేదు. నెలవంకని మసీదు పక్కనున్న సాయిబు గారింటికి ఇచ్చింది. ఎవులి దేవుడు ఆలకే ఉండాలని. ఎవులూ అడగని సంటిదాన్ని తనే ఉంచుకుంది."

రోజలిన్ నేల మీద కూర్చుండిపోయింది. ఏడుస్తోందేమోనని ఇంద్రజ వంగి చూసింది. ఏడవడం లేదు. పెద్ద గోపురం కింద నిలబడి తలెత్తి చూసే మనిషి ముఖంలా ఉంది ఆ ముఖం.

వెతకమని వచ్చిన వంశం లేదు. దాని చోట ఇది దొరికింది. ఇంద్రజ చేతులు మాత్రం వాటి పని అవి చేస్తూనే ఉన్నాయి. దుప్పటి తీసి, తడిగుడ్డతో రాయిని తుడిచింది.

దువ్వెన, నిచ్చెన, చేప, నెలవంక, తేలు, చుక్క. వరసగా ఆరు బొమ్మలు. నిచ్చెన కింద, చేప కింద, నెలవంక కింద అడ్డంగా ఒక్కో గీత.

"ఈ గీతలేమిటి?"

"పోయినోళ్ళకి. సమాధుల పండగనాడు మేం అందరం కలిసేవోళ్ళం. ఇళ్ళల్లో ఎవులికీ సెప్పకండా. ఎవులన్నా పోతే బతికున్నోళ్ళు గీత గీయాల. అది మా ఒట్టు. కాలూ సెయ్యీ పడిపోయినకాడ్నించీ నాను ఎల్లనేదు."

"చుక్క కింద కూడా ఒక సన్నటి గీత ఉంది," అంది ఇంద్రజ రాయి మీదికి వంగి.

"అమ్మమ్మ పోయిన ఏడాదే పోయింది గదా," అంది రోజలిన్ నెమ్మదిగా. "మీరు గీశారా?"

సన్యాసిరావు తల అడ్డంగా ఊపాడు. మంచి చేతితో కుర్చీ చక్రాన్ని ఒడిసి పట్టుకున్నాడు. "గీద్దారనే ఉలట్టుకుని ఎల్లేను నిన్న. ఎల్లీసరికి గీత ఉంది. నాను గీయనేదు. నిచ్చెన, సేప, నెలవంక ఎప్పుడో పోయేరు. రాత్రంతా ఆలోచిత్తన్నాను. ఎవులు గీసేరో నాకు అంతుబట్టనేదు."

ఇంద్రజ భూతద్దం తీసింది. మిగతా మూడు గీతలు ఉలి దెబ్బలు. నిటారుగా, లోతుగా, నాచు పట్టి నల్లబడి ఉన్నాయి. నాలుగోది సన్నం. మేకు లాంటిదానితో గీకినట్టుంది. ఒక చివర రంగు కాస్త మాసింది. రెండో చివర ఇంకా తెల్లగా ఉంది.

"ఒక్క రోజులో గీసింది కాదు," అంది. "కొంచెం కొంచెంగా, వచ్చినప్పుడల్లా. చేతిలో బలం లేదు. నేల మీద కూర్చుని గీశారు. అందుకే కిందికి వాలింది. అంటే వయసు మళ్ళినవాళ్ళు. ఈ ఒట్టు సంగతి తెలిసినవాళ్ళు. రోజలిన్, మీ అమ్మమ్మ ఒంటరిగా ఎక్కడికైనా వెళ్ళేవారా?"

"శుక్రవారాలు కంచరపాలెం వెళ్ళేది. 'అక్కని చూసొస్తాను' అనేది. సంఘంలో ఎవరో అక్క అనుకున్నాం. అమ్మమ్మకి సొంత అక్కలెవరూ..."

ఇంద్రజ వేలు రాయి మీద మొదటి బొమ్మ దగ్గరికి జరిగింది. దువ్వెన. దాని కింద గీత లేదు.

"ఈమె ఏమైందండీ?"

సన్యాసిరావు ఆ దువ్వెన బొమ్మని వేళ్ళతో తడిమాడు. "కొండలు దిగీసి, బర్మా ఒడ్డున అక్యాబు రేవులో ఓడెక్కేం. సంటిదాని పాలడబ్బా గట్టు మీద ఉండిపోయింది. తెత్తానని ఆ పెద్దపిల్ల, మా అప్ప, దిగింది. జనం తోసుకొచ్చీసేరు. ఓడ కదిలిపోయింది. అమ్మ బతికినన్నాళ్ళూ ఓడ వచ్చినప్పుడల్లా రేవుకెల్లి నిలబడేది. ఆఖరికి రాయి మీద అందరికన్నా ముందు దాన్నే సెక్కించింది." ఆయన ఆగి, రాయి వైపు, ఇంద్రజ వైపు మార్చి మార్చి చూశాడు. "ఏటి... ఏటి సెప్తన్నావమ్మా నువ్వు?"

"పాలడబ్బా కోసం దిగిన పిల్ల ఎప్పటికో, మీరు పండక్కి రావడం మానేశాక, ఒడ్డుకి చేరిందంటున్నాను. ఆ పాలు తాగాల్సిన చంటిదాన్ని వెతికి పట్టుకుంది. ఇంట్లో చెప్పని అలవాటు మీ అందరికీ ఉన్నదేగా, రూతమ్మ గారూ చెప్పలేదు. చెల్లెలు పోయాక గీత గీయడానికి ఒక్కతే వచ్చింది. తేలు కింద గీత లేదు కాబట్టి మీరు ఉన్నారని ఆమెకి తెలుసు. ఎక్కడున్నారో తెలియదేమో."

సన్యాసిరావు కళ్ళు మూసుకుని 'అప్ప' అన్న మాటని పెదవులతో మాత్రమే అన్నాడు.

ఇంద్రజ ఫోను మోగింది. కొండలరావు. ఆమె స్పీకర్ పెట్టింది.

"మేడమ్, మీరెలిపోనాక ఒక ముసలామొచ్చింది. బాగా ముసల్ది. రాయి నేదని సూసి కూలబడిపోయింది. 'రాయేదీ, నా రాయేదీ' అంతంది. ఎంత లేపినా లెగట్నేదు. సేతి మీద..."

"దువ్వెన ఉందా?"

"అవునమ్మా! మీకెలాగ తెల్సు?"

సన్యాసిరావు కుర్చీలోంచి ముందుకి ఒరిగిపోయాడు. పడిపోకుండా రోజలిన్ పట్టుకుంది. "ఆమెకియ్యి! ఫోను ఆమెకియ్యరా నాయనా!"

గాలి హోరు వినిపించింది. తరవాత ఎవరిదో ఊపిరి.

"అప్పా," అన్నాడు సన్యాసిరావు. ఎనభై దాటిన ఆ గొంతులోంచి చిన్నపిల్లవాడు మాట్లాడాడు. "అప్పా, నాను. తేలుని."

ఆ తరవాత సన్నటి గొంతు, దూరంగా, నమ్మలేనట్టు:

"తేలూ... ఏడుత్తన్నావేట్రా?"

సన్యాసిరావు ఫోనుని చెంపకి ఆనించుకున్నాడు. రోజలిన్ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంద్రజకి గురునాథరావు ఇంకా ఆ వేపచెట్టు కిందే ఉన్నాడన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

"కొండలరావూ! ఫోను తీసుకో! ఆమెని గేటు దాటనివ్వొద్దు, ఎవరితోనూ..."

ఫోనులో ఏదో పెనుగులాట. కొండలరావు కేక. కారు తలుపు తెరుచుకున్న చప్పుడు.

"ఇంద్రజా," అన్నాడు గురునాథరావు తీరుబడిగా. "రాయి నీ దగ్గరే ఉంచుకో. అది కోర్టుకొచ్చి సాక్ష్యం చెప్పలేదు. ఈ పెద్దావిడ చెప్పగలదు. అందుకని ఈవిడని నాతో తీసుకెళ్తున్నాను. సోమవారం దాటాక పంపిస్తాను."

కారు తలుపు మూసుకుంది. ఫోను కట్టయింది.